సుగుణమ్మ ఫ్రిజ్‌కు నేను బిగించిన తాళం

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేవి ఎప్పుడూ ఒకే రకం ప్రశ్నలు. గ్యాస్ ఎంత పట్టాలి, పైపు ఎలా అతికించాలి, బోర్డు కాలిపోతే బాగుచేయవచ్చా, కొత్తదే వేయాలా. ఇవన్నీ ఆరు నెలలు చేస్తే చేతికి వస్తాయి. చేతికి రానిది ఒకటుంది. అది నాకు ముప్పై ఏళ్లు పనిచేశాక కూడా రాలేదు. దాని గురించే రాస్తున్నాను.

నా పేరు ఉప్పలయ్య. ఫ్రిజ్ మెకానిక్‌ని. మొదట జనగామలో, తర్వాత మహబూబాబాద్‌లో చేశాను. మహబూబాబాద్‌ని మేం మానుకోట అంటాం. మోకాళ్లు అరిగిపోయి, ఫ్రిజ్ వెనక కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చినప్పుడు పని మానేశాను.

లతీఫ్ సాబ్

జనగామ స్టేషన్ రోడ్డులో లతీఫ్ సాబ్ దుకాణం ఉండేది. పని అక్కడే నేర్చుకున్నాను. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏ ఇంటికి వెళ్లినా ముందు కుర్చీ అడిగి కూర్చునేవాడు. నేను స్క్రూడ్రైవర్ తీస్తే కసిరేవాడు.

"అరే, జర ఆగు. మిషన్ ఎటు పోతది? ముందుగాల ఇంట్లోల్లు ఏం జెప్తున్నరో ఇను."

ఇంట్లోవాళ్లు చెప్పేది చాలాసార్లు ఫ్రిజ్ గురించి ఉండదు. మొన్న కోడలు వచ్చింది, నిన్న కరెంటు పోయి వచ్చింది, సున్నం వేయడానికి ఫ్రిజ్ జరిపాం అంటారు. లతీఫ్ సాబ్ అంతా వినేవాడు. జరిపాం అనే మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపేవాడు. "ఎట్ల జరిపిండ్రు? పండవెట్టిండ్రా?" అని అడిగేవాడు. రోగం సగం అక్కడే దొరికేది.

ఒకసారి దేవరుప్పులలో ఒక రైతు ఇంట్లో కంప్రెసర్ పోయిందని తేల్చి కొత్తది వేసి వచ్చాం. వారం తర్వాత పాత కంప్రెసర్‌ను దుకాణంలో పరీక్షిస్తే అది నిక్షేపంగా తిరిగింది. పోయింది దాని పక్కనుండి, దాన్ని స్టార్ట్ చేసే చిన్న రిలే మాత్రమే. లతీఫ్ సాబ్ ఆ బరువైన కంప్రెసర్‌ను గోనెసంచిలో వేసి, నన్ను వెంట పెట్టుకొని బస్సెక్కాడు. ఆ ఇంటి వాకిట్లో అందరూ ఉండగా, "మీది మంచిగనే ఉండె. తప్పు నాది" అని చెప్పి, పాతది మళ్లీ బిగించి, కొత్తది విప్పి తెచ్చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "చెప్పకుంటే ఎవలికి తెలుస్తుండె ఉస్తాద్?"

ఆయన కిటికీలోంచి చూస్తూ, "నాకు తెల్సింది గద బేటా" అన్నాడు.

అప్పుడు నాకు ఆయన అమాయకుడిలా కనిపించాడు. పేరు ఎలా నిలబెట్టుకోవాలో తెలియని మనిషి అనుకున్నాను. నా వయసు అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటుంది.

కింద ఫ్రీజర్, పైన ఫ్రిజ్

పెళ్లయ్యాక అత్తగారి ఊరికి దగ్గరని మానుకోట వచ్చి, ఒక షోరూంలో మెకానిక్‌గా చేరాను. యజమాని చెడ్డవాడు కాదు. కానీ ఆయన లెక్కలో ఫ్రిజ్ అంటే తలుపే. "కొనేటోడు తలుపు జూస్తడు, రంగు జూస్తడు. నువ్వు లోపల సంగతులు జెప్పి పరేషాన్ జెయ్యకు" అనేవాడు. నేను మాత్రం ఆయన టీకి వెళ్లినప్పుడు చెప్పేవాణ్ణి.

ఫ్రీజర్ కిందుండే ఫ్రిజ్‌లు మా వైపు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. వాటిని నేను నిజంగానే ఇష్టపడ్డాను. మన ఇళ్లలో ఫ్రీజర్ రోజుకు ఒకటి రెండుసార్లు తీస్తారు. పాలు, పెరుగు, కూరగాయల కోసం పై అర ఇరవైసార్లు తీస్తారు. మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల కోసం ప్రతిసారీ నడుం వంచాలి. దీంట్లో అవి చేతి ఎత్తులో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లకు ఇది మేలు. మాంసం, ఐసు ఎక్కువగా పెట్టుకునేవాళ్లకు అంత అవసరం లేదు. కొనేముందు మూడు చూసుకోవాలి. మీ గుమ్మంలోంచి అది లోపలికి పడుతుందా, వెనకా పక్కలా జానెడు ఖాళీ దొరుకుతుందా, దాని సామాను మీ ఊళ్లో దొరుకుతుందా. మూడోది ఎవరూ అడగరు. నా కథంతా ఆ మూడోదాని దగ్గరే చెడింది.

మొగుళ్లపల్లిలో ఒకాయన ఫ్రిజ్ బాగా కనబడాలని గోడలో గూడు కట్టించి దాంట్లో ఇమిడ్చాడు. మూడు వైపులా సిమెంటు. వేడి పోయే దారి లేదు. రెండు ఎండాకాలాలకే కంప్రెసర్ మాడిపోయింది. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని బయటకు మోసుకొచ్చి పారేస్తుంది. పారేసే చోటు లేకపోతే అది ఏం చేస్తుంది?

ఈ రకం ఫ్రిజ్‌లో తెలుసుకోవలసింది ఒక్కటే. గాలి చల్లబడేది కింద ఫ్రీజర్లో మాత్రమే. అక్కడి ఫ్యాను ఆ చలిగాలిని ఒక గొట్టం ద్వారా పైకి తోస్తుంది. గొట్టం దారిలో చిన్న తలుపు ఉంటుంది. దాన్ని డ్యాంపర్ అంటారు. పైన వేడెక్కితే తెరుచుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. కింద ఐసు గడుతోంది, పైన పాలు విరుగుతున్నాయి అని ఎవరైనా అంటే గ్యాస్ సిలిండర్ ఎత్తుకొని పోకండి. గ్యాస్ లేకపోతే కింద కూడా ఐసు గట్టదు. ఫ్రీజర్ వెనకుండే కాయిల్ మీద మంచు పేరుకొని గాలి ఆగిందా, ఫ్యాను తిరుగుతోందా, డ్యాంపర్ తెరుచుకుంటోందా చూడండి. ఈ మూడు చూడకుండా గ్యాస్ పట్టినవాడు మెకానిక్ కాదు.

ఇంటివాళ్లకు చెప్పవలసింది ఇంకా తక్కువ. తలుపు రబ్బరును గోరువెచ్చని సబ్బునీళ్లతో నెలకోసారి తుడవండి. రబ్బరుకూ ఫ్రిజ్‌కూ మధ్య ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు పట్టు పోయినట్టు. గాలి వచ్చే రంధ్రాలకు గిన్నెలు అడ్డం పెట్టకండి. లోపల నీళ్లు నిలిస్తే వెనక నీళ్లు పోయే కంత మూసుకుపోయి ఉంటుంది. వేడినీళ్లు కొద్దిగా పోసి సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో కదిపితే చాలు.

ఇన్ని చెప్పగలిగిన మనిషి చేసిన పని ఇక వినండి.

రాజమల్లు సారు ఇల్లు

రాజమల్లు సారు లెక్కల పంతులుగా చేసి రిటైరైనవాడు. మానుకోటలో ఆయన దగ్గర చదవని వీధి లేదు. భార్య సుగుణమ్మ. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. అక్క అనేవాణ్ణి. ఆమెకు షుగర్. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకునేది. మోకాళ్లు కూడా బాగుండేవి కావు. కింద ఫ్రీజర్ ఉన్నది కొనమని సలహా ఇచ్చింది నేనే.

అప్పటికి షోరూం వదిలి ఒక సర్వీస్ సెంటరుకు పనిచేస్తున్నాను. అక్కడ పద్ధతి ఏమిటంటే, వచ్చిన ఫిర్యాదు ఆ రోజే మూసేయాలి. పొద్దున పది పేర్లు ఇస్తే సాయంత్రానికి పదీ అయిపోయాయని చెప్పాలి. సామాను లేదంటే పైనున్నవాడు ఫోన్లోనే అరిచేవాడు. ఆయన అరుపుల మీద నేరం వేయడానికి ఇది రాయడం లేదు. అరుపు ఆయనది, చెయ్యి నాది.

ఆ ఎండాకాలం రాజమల్లు సారు ఫోన్ చేశాడు. కింద ఐసు గడుతోంది, పైన పాలు నిలవడం లేదు. వెళ్లి చూశాను. కాయిల్ శుభ్రంగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది. డ్యాంపర్ మూసుకుపోయి తెరుచుకోవడం లేదు. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. వారమో పది రోజులో పడుతుంది. బయట ఎండ మండిపోతోంది. సర్వీస్ సెంటరు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

డ్యాంపర్ రేకును వేలితో తెరిచి, మళ్లీ పడకుండా థర్మకోల్ ముక్క ఒకటి విరిచి దాని కింద పెట్టాను. మూత బిగించాను. అరగంటలో పైన చల్లబడింది.

"ఏమైందయ్యా?" అన్నాడు సారు.

"అయిపోయింది సార్. మంచిగైంది."

పది రోజులకని పెట్టిన ముక్క అది. సామాను తెప్పించి మార్చాలనే అనుకున్నాను. కానీ ఫిర్యాదు మూసేశాక ఆ ఇంటి పేరుతో సామాను రాదు. మళ్లీ ఫిర్యాదు తెరిపించాలంటే మొదట అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ మరిచిపోయాను.

ఎండాకాలమంతా ఆ ముక్క వల్ల నష్టం లేకపోయింది. బయటి వేడికి, తలుపు తీసి మూయడానికి ఎంత గాలి వచ్చినా సరిపోయింది. చలికాలం వచ్చాక కథ మారింది. పైన చాలినంత చల్లబడినా మూసుకునే తలుపు లేదు. ఫ్రీజర్ గాలి ఆగకుండా పైకి వస్తూనే ఉంది.

సుగుణమ్మ అప్పుడు ఒకసారి ఫోన్ చేసింది.

"ఉప్పలయ్యా, పైన కొత్తిమీర గడ్డ గట్టి నల్లగైతుంది. టమాటలు రాళ్ల లెక్కున్నయి."

నేను అప్పుడు వేరే ఇంట్లో ఫ్రిజ్ విప్పి కూర్చున్నాను. "చలికాలం గద అక్కా. లోపల నంబరు జర తగ్గియ్యి" అని పెట్టేశాను.

ఆమె చెప్పింది విని ఉంటే చాలు. పైన గడ్డ గడుతోంది అనే ఒక్క మాటలో నా థర్మకోల్ ముక్క ఉంది. ఇంట్లో ఇంకేం పెడుతున్నారు అని అడిగి ఉంటే, సూది మందు సంగతి వచ్చేది. ఆమెకు షుగర్ అని నాకు తెలుసు. మందు ఫ్రిజ్‌లో పెడతారనీ తెలుసు. తెలిసినవి రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

తాళం

మూడు నెలలకు సారు మళ్లీ పిలిచాడు. ఈసారి రిపేరుకు కాదు.

"ఫ్రిజ్‌కు తాళం బిగియ్యాలె ఉప్పలయ్యా."

"తాళమెందుకు సార్?"

"దొంగ ఇంట్లనే ఉన్నది" అన్నాడు.

సుగుణమ్మ అక్కడే కుర్చీలో ఉంది. ఎడమ కాలికి కట్టు. చెప్పు కరిచిన పుండు మానలేదట. హన్మకొండ దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. అన్ని రోజులూ షుగర్ దిగనే లేదు. డాక్టరు సూది మోతాదు పెంచాడు, మళ్లీ పెంచాడు. అయినా దిగలేదు. తీపి ఏమైనా తింటున్నారా అని డాక్టరు అడిగితే ఆమె లేదంది. రక్త పరీక్ష కాగితం మాత్రం షుగర్ ఎక్కువుందనే చెప్పింది. లెక్కల పంతులు కాగితాన్ని నమ్మాడు.

"మనుమలకు తెచ్చిన మిఠాయి డబ్బ లోపలుంటది. అంగూర్లుంటయి. నేను బజారుకు పోంగనే తింటది. కాగితం అబద్ధమాడ్తదా?"

సుగుణమ్మ నావైపు చూసి, "బిడ్డ మీద ఒట్టేసిన ఉప్పలయ్యా. ముట్టలేదు. ఎవలు నమ్ముతలేరు" అంది. గొంతు పెంచలేదు. చాలాసార్లు చెప్పి అలసిపోయిన మాటలా ఉంది.

తాళం ఎక్కడ బిగించాలో చూడడానికి తలుపు తీశాను. పై అరలో వెనక, సరిగ్గా గాలి వచ్చే రంధ్రం ముందు, చిన్న స్టీలు గిన్నెలో ఇన్సులిన్ సీసా ఉంది. రంధ్రం చుట్టూ తెల్లగా మంచు. సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాను. లోపల సన్నటి ఐసు పలుకులు, చేతి వేడికే కరిగిపోయేంత.

గడ్డ కట్టిన ఇన్సులిన్ పనిచేయదు. కరిగాక కూడా పనిచేయదు. ఈ ముక్క నాకు మందుల దుకాణం ఫ్రిజ్ బాగుచేస్తున్నప్పుడు అక్కడివాళ్లే చెప్పారు. ఆమె మూడు నెలలుగా పొద్దునా సాయంత్రం గుచ్చుకుంటున్నది చచ్చిన మందు.

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆ గదిలో ఆమె మీదున్న నింద అప్పుడే పోయేది. ఆ క్షణంలో నేను అనుకున్నది ఇక్కడ దాచకుండా రాస్తాను. వేళ్లు ఎలాగూ పోయాయి, చెబితే తిరిగి రావు అనుకున్నాను. సారు ఊరుకునే మనిషి కాదు, ఉద్యోగం పోతుంది అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా సరిచేస్తే ఆమెకు మేలు చేసినట్టే కదా అనుకున్నాను. మూడోది అన్నిటికంటే నీచమైనది, ఎందుకంటే అది మంచితనంలా కనిపించింది.

లోపల తుడవాలని చెప్పి మూత విప్పాను. థర్మకోల్ ముక్క తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. సర్వీస్ సెంటరుకు వెళ్లి, పాత ఫ్రిజ్ నుంచి తీసి పెట్టుకున్న మంచి డ్యాంపర్ తెచ్చి బిగించాను. ఇన్నాళ్లూ ఆ పని అరగంటది. హైదరాబాద్ నుంచి కొత్తదే రావాలని కూర్చున్నాను గానీ, పాత సామానులో వెతకాలని అనుకోలేదు.

"సార్, ఈ మందు తీసెయ్యుండ్రి. కొత్తది తెచ్చి తలుపు అరల పెట్టుండ్రి. వెనుక పెట్టొద్దు."

"ఎందుకు?"

"వెనుక సల్లదనం ఎక్కువుంటది సార్."

సగం నిజం అంటే అదే. తర్వాత తాళం బిగించాను. సుగుణమ్మ చూస్తూనే ఉంది.

"గట్టిగ బిగియ్యి ఉప్పలయ్యా. అది ఊసిపోతే గది గూడ నా మీదికే వస్తది" అంది.

దిగిన షుగర్

మూడు రోజులకు సుగుణమ్మ వంటింట్లో చెమటలు పట్టి పడిపోయింది. పక్కింటావిడ చూసి చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి బతికింది. జరిగింది ఇదీ. చచ్చిన మందు పనిచేయడం లేదని తెలియని డాక్టరు మోతాదు పెంచి ఉంచాడు. ఇప్పుడు కొత్త మందు, మంచి మందు, అదే పెద్ద మోతాదులో లోపలికి వెళ్లింది. షుగర్ ఒక్కసారిగా పడిపోయింది. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే సారు డాక్టరును అడిగేవాడు. డాక్టరు మోతాదు తగ్గించేవాడు. నా మౌనం ఆమెను దాదాపు చంపింది.

డాక్టరు మోతాదు తగ్గించాక అంతా కుదురుకుంది. పరీక్ష కాగితాలు బాగా వచ్చాయి. కాగితాలను నమ్మే సారు వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు. తాళం పడకముందు ఎంత, పడ్డాక ఎంత. ఆయన లెక్క తేలిపోయింది. ఆమె తిన్నది. తాళం వేశాం. ఆగింది.

నేను చాటుగా చేసిన రిపేరు ఆమె మీద సాక్ష్యంగా నిలబడింది.

ఆ ఏడు ఒక పెళ్లిలో మేం ఒకే వరుసలో భోజనానికి కూర్చున్నాం. సారు అందరికీ చెబుతున్నాడు. "పది మంది డాక్టర్లు జెయ్యలేనిది ఒక్క తాళం జేసింది. బిగిచ్చింది గీ ఉప్పలయ్యనే." అందరూ నవ్వారు. ఎవరో నా భుజం తట్టారు. సుగుణమ్మ తన విస్తరిలోని పెరుగన్నం వైపు చూస్తూ కూర్చుంది. ఎదుట లడ్డూ వడ్డించే అతను ఆమె దగ్గరికి వచ్చి, తానే నవ్వి, వేయకుండా దాటిపోయాడు.

నేను కూడా నవ్వాను. తప్పు చేసినందుకు ఎంత బాధపడ్డానో, ఆ నవ్వుకు అంతకంటే ఎక్కువ బాధపడ్డాను.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఈ మధ్యలో ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లాను, ఒకసారి రబ్బరుకు, ఒకసారి లైటుకు. వెళ్లిన ప్రతిసారీ సారు జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచేవాడు. సాయంత్రం సూది వేళకు ఆమె ఆయన కోసం ఎదురుచూడడం కూడా ఒకసారి చూశాను. బజారు నుంచి ఆయన వచ్చేదాకా తన మందు తను తీసుకునే వీలు లేదు. ఈసారి చెబుదాం అనుకుంటూ వెళ్లేవాణ్ణి. సారుకు బీపీ ఉంది, ఇప్పుడు ఎందుకు అనుకుంటూ వచ్చేవాణ్ణి.

ఒక వానాకాలం రాజమల్లు సారు గుండె ఆగి చనిపోయాడు. పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. చావుకు వెళ్లి అందరితో పాటు నిలబడి వచ్చాను.

చెప్పిన రోజు

ఏడాది దాటాక, నేను పని మానేసిన తర్వాత, సుగుణమ్మ ఫోన్ చేసింది.

"పని ఇడిచినవంట. ఒక్కపారి వస్తవా? గా తాళం ఊడదియ్యాలె."

వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. కూతురు స్వరూప జనగామలో ఉంటుంది, వారం వారం వచ్చి పోతుంది. ఫ్రిజ్‌కు తాళం వేసే ఉంది. నాకు అర్థం కాలేదు.

"సారు పోయి ఏడాదైంది గదక్కా. ఇంక ఏస్తున్నవా?"

"ఏస్తున్న. సంవత్సరీకం దాక తియ్యొద్దనుకున్న" అంది. "ఆయన పోంగనే తీస్తే ఏమంటరు? తినెతందుకే తీసిందంటరు."

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాను. మోకాలి మీద కూర్చోలేక ఒక పీట వేయించుకున్నాను. అక్కడే, ఫ్రిజ్ ముందు కూర్చుని, మొత్తం చెప్పాను. థర్మకోల్ ముక్క, కొత్తిమీర ఫోను, సీసాలో ఐసు పలుకులు, జేబులో వేసుకున్నది, మార్చిన డ్యాంపర్. మధ్యలో ఆపలేదు. ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

ఆమె అంతా వింది. తర్వాత అడిగింది.

"నేను కొత్తిమీర గురించి ఫోన్ జేసిన నాడు నీకు ఎర్కేనా?"

"లేదక్కా. మంచిగ ఇంటే ఎర్కైతుండె. ఇనలే."

"తాళం బిగిచ్చిన నాడు?"

"ఎర్కే."

"ఎర్కుండే బిగిచ్చినవ్."

అది ప్రశ్న కాదు.

ఆమె కాలి వైపు చూసుకుంది. నేను వేళ్ల గురించి అంటుందనుకున్నాను. ఆమె అన్నది వేరు.

"నా మీద నాకే అనుమానమైంది ఉప్పలయ్యా. అందరు గట్లనే అంటుంటే, నిద్రల లేసి తింటున్ననో ఏమో అనుకున్న. తాళమేసినంక గూడ పొద్దుగాల లేసి మూతి తడుముకుంటుంటి, ఏమన్న అంటుకున్నదా అని. మంచం సుట్టు సూస్తుంటి. నాలుగేండ్లు."

ఆ మాట వినేదాకా నేను చేసింది ఏమిటో నాకు పూర్తిగా తెలియదు. కాలి వేళ్లు, పడిపోయిన రోజు, పెళ్లిలో నవ్వు, ఇవే లెక్కపెట్టుకున్నాను. ఒక మనిషి తనను తాను నమ్మకుండా చేశానన్నది నా లెక్కలోనే లేదు.

మాఫ్ చెయ్యమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఫోన్ తీసి కూతురికి చేసింది. స్పీకర్ పెట్టింది.

"స్వరూపా, ఉప్పలయ్య వచ్చిండు. ఏదో జెప్తడట, ఇను." నా వైపు తిరిగి, "చెప్పు. మొదటి నుంచి చెప్పు" అంది.

చెప్పాను. మొదటిసారి కంటే కష్టమైంది. అవతల స్వరూప ఏడుపు వినిపించింది. "అమ్మా, నేను గూడ బాపు మాటనే పట్టుకొని నిన్ను…" అని ఆగిపోయింది. సుగుణమ్మ, "సరే తీయ్. ఇన్నవ్ గద" అని పెట్టేసింది.

తర్వాత పక్కింటావిడను పిలిచింది. చక్కెర నీళ్లు తాగించినావిడ. ఆమెకు చెప్పాను. ఆ తర్వాత కురవిలో ఉండే మరిదికి ఫోన్ చేసింది. ఆయన మధ్యలో నన్ను తిట్టాడు. సుగుణమ్మ, "తిట్టుడు తర్వాత. ముందుగాల ఇను" అంది. ఆయన విన్నాడు. నాలుగోసారి చెప్పేటప్పటికి మాటలు వాటంతట అవే వచ్చాయి. అంత తేలికైన మాటలు.

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"అందరికన్న ముందు ఇనాల్సినాయన లేకపాయె" అంది. "నేను అబద్ధమాడిననుకుంటనే పోయిండు. ముప్పై ఎనిమిదేండ్ల సంసారంల నేను ఆయనతోని ఒక్క అబద్ధం ఆడలే ఉప్పలయ్యా."

నేను తాళం విప్పడం మొదలుపెట్టాను. తలుపు మీద నాలుగు రంధ్రాలు మిగిలాయి. మైనం పెట్టి మూస్తానన్నాను. అక్కరలేదంది.

పనిలో కొత్తగా దిగేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. సామాను లేకపోతే లేదని చెప్పండి. నాలుగు రోజుల పనికని ఏదైనా అడ్డం పెడితే, పెట్టానని ఇంటివాళ్లకు చెప్పి రండి. ఫ్రిజ్ తెరిచినప్పుడు లోపల మందులున్నాయేమో చూడండి. ఉంటే ఎక్కడ పెట్టాలో చెప్పండి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పండి. మరునాటికి దాని బరువు పెరుగుతుంది. ఆ పెరిగిన బరువు మోసేది మీరు కాదు, ఆ ఇంట్లోవాళ్లు. ఇవన్నీ నేను చేసి చూపించినవి కావు. చేయకుండా నేర్చుకున్నవి.

బయలుదేరుతుంటే సుగుణమ్మ కర్ర పట్టుకొని గేటు దాకా వచ్చింది. కోపం లేదు ఆమె ముఖంలో. దయ కూడా లేదు. పని మధ్యలో ఉన్న మనిషిలా ఉంది.

"మొగుళ్లపల్లిల మా చెల్లె సమ్మక్క ఫోన్ ఎత్తుతలేదు. చేనుకాడికి పోయినట్టుంది" అంది. "రేపు పది గంటలకు మల్ల రా. దానికి గూడ చెప్పాలె."

"వస్తనక్కా" అన్నాను.

మరునాడు పది గంటలకు ముందే వెళ్లాను. ఆమె అప్పటికే ఫోన్ చేతిలో పట్టుకొని గుమ్మంలో కూర్చుని ఉంది.